పాత ల్యాప్‌టాప్ పారేయకండి, లినక్స్ వేసి చూడండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అది లేదు. అలాగని అప్పు చేసి కొత్తది కొనక్కర్లేదు. లినక్స్ మింట్ ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే మేలు. పాత మెషీన్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తేలిక.

దాని ఐఎస్‌ఓ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది తీసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయకముందే వైఫై, సౌండ్ వస్తున్నాయా చూసుకోవచ్చు.

అసలు భయం ఇన్‌స్టాల్ దగ్గరే. 'ఎరేజ్ డిస్క్' ఎంచుకుంటే పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు అన్నీ పోతాయి. నా బీకాం నోట్స్ అట్లానే పోయాయి, తొందర నాదే. ముందు వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

షాపు లెక్కలకు లిబ్రే ఆఫీస్ కాల్క్ ఉంది. ట్యాలీ మాత్రం నేరుగా నడవదు, అదే మీ పనైతే విండోస్‌ను కూడా పక్కన ఉంచుకోవాలి. ఉర్దూ, తెలుగు కీబోర్డులు సెట్టింగ్స్‌లో జత చేసుకోవచ్చు.

పిల్లలు గేములు అడుగుతారు కదా! సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో సూపర్‌టక్స్‌కార్ట్ దొరుకుతుంది, గ్రాఫిక్స్ తగ్గించి ఆడించండి. ఎత్తుగడల ఆట ఇష్టమైతే బ్యాటిల్ ఫర్ వెస్నాత్, దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.