చేవ్రాలు – చక్రముల యిల్లు



మన గ్రామములయందు దస్తావేజు వ్రాయించునపుడు చదువు వచ్చినవారు చేవ్రాలు చేయుదురు. రానివారు వ్రేలిముద్ర వేయుదురు. ఈ గుర్తు దేనికి? ఇందలి సంగతి నాకు సమ్మతమని తెలుపుటకు. అక్షరముల సొంపుతో పనిలేదు, సమ్మతియే ప్రాణము. ఈ న్యాయము అమెరికా దేశమున నొక వింత యింటివిషయమున నెట్లు పరీక్షకు వచ్చినదో మనవి చేసెదను.

అచ్చట కార్ఖానాలో కట్టి, చక్రములపై నీడ్చుకొనిపోయి, కోరినచోట నిలుపు నిండ్లు కలవు. వీనిని మొబైలు హోములందురు. 1974లో చేసిన చట్టము ననుసరించి, 1976 జూను 15 మొదలు వీని కట్టడమునకు దేశమంతట నొకే నిబంధన యేర్పడెను. ఒకసారి నిలిపిన పిదప నివి కదలుట యరుదు. ఐనను పెక్కు రాష్ట్రములలో వీనికి మోటారుబండికివలె యాజమాన్య పత్రము నిత్తురు. అప్పిచ్చినవాని హక్కును దానిమీదనే గుర్తింతురు. నేల యొకరిది, యిల్లు వేరొకరిది యగుటయు కలదు. కావున బీదవాని కా కాగితమే సర్వస్వము.

ఇక సంతకము చరిత్ర వినుడు. భూమి మొదలగువాని యొప్పందములు వ్రాతలో నుండి, సంతకము గలిగియుండవలెనని ఇంగ్లండున 1677లో శాసించిరి. 1869లో అమెరికాలోని న్యూహాంప్‌షైరు న్యాయస్థానము, తంతిద్వారా పంపిన సమ్మతియు సంతకముతో సమానమే యని తీర్చెను. కలము పొట్టిదైన నేమి, వేయిమైళ్ల రాగితీగ యైన నేమి యని వారి భావము. ఆ దారినే 2000 జూను 30న ఎలెక్ట్రానిక్ సంతకముల చట్టము వెలువడి, అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. సంతకము ఎలెక్ట్రానిక్ రూపమున నున్నదను నొక్క కారణమున నొప్పందము చెల్లదన రాదని దాని సారము. నాటినుండి అప్పు పత్రములపై నిట్టి సంతకములకు త్రోవ యేర్పడెను.

అయితే చట్టకర్త లొకచోట ఆగిరి. బాకీ తీరలేదని నివాసగృహమును స్వాధీనపరచుకొందుమనియు, ఖాళీ చేయుమనియు తెలుపు నోటీసులకు ఈ చట్టమును వర్తింపజేయరైరి. మరణశాసనములకును వర్తింపజేయలేదు. ఎలెక్ట్రానిక్ సంతకమే చేయవలెనని యెవరిని నిర్బంధింపరాదనియు విధించిరి. అప్పు పుచ్చుకొనువేళ తొందరకు త్రోవ యిచ్చినను, ఇల్లు పోవువేళ మనుజుని కంటబడని వార్త చాలదని వారు తలచిరి గాబోలు!

మన దేశమునను 2000 అక్టోబరు 17 నుండి ఇట్టి చట్టము నడచుచున్నది. కలము మారవచ్చును, చదివి, తెలిసి, సమ్మతించు భారము మాత్రము మనదే.