బెల్టు తరవాతే బెలూను

నుజ్జయిన కారు ఆటోనగర్ షెడ్డుకు చేరిందంటే, ఇన్సూరెన్స్ సర్వేయరుగా నేను ముందు చూసేది సీటు బెల్టు. పెట్టుకున్న మనిషి బరువు ఒక్కసారిగా మీద పడితే పట్టీ మీద రాపిడి గీతలు పడతాయి, భుజం దగ్గర అది తిరిగే ప్లాస్టిక్ కొక్కెం కొద్దిగా కరిగి మెరుస్తుంది. స్టీరింగ్‌లోంచి వేలాడే ఎయిర్ బ్యాగ్ సంగతి ఆ తరవాతే. యజమానులు మాత్రం ముందు బ్యాగే చూపిస్తారు. "బెలూన్లు ఓపెన్ అయ్యాయండీ, అందుకే బతికి బయటపడ్డాం" అంటారు. ఓపెన్ కాకపోతే "కంపెనీ మీద కేసు వెయ్యొచ్చాండీ?" అని అడుగుతారు. బెల్టు ఊసు ఎవరూ ఎత్తరు. దీనికి మనవాళ్లనే తప్పుపట్టడానికి లేదు. అమెరికాలో ఎయిర్ బ్యాగ్‌ను చట్టంలోకి తెచ్చిందే బెల్టు పెట్టుకోని మనిషి కోసం. ఆ పొరపాటును దిద్దుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి.

ఆలోచన పుట్టింది మాత్రం ఒక తండ్రి భయంలోంచి. పెన్సిల్వేనియాలోని న్యూపోర్ట్ ఊరివాడు జాన్ హెట్రిక్ 1952లో భార్యతో, ఏడేళ్ల కూతురితో కారులో వెళ్తుండగా దారిలో బండరాయి అడ్డొచ్చింది. తప్పించబోతే కారు రోడ్డు పక్క గోతిలో దిగింది. పాపకు దెబ్బ తగలకుండా భార్యాభర్తలిద్దరూ చేతులు అడ్డం పెట్టారు. చెయ్యి చేసే పని కారే ఎందుకు చెయ్యకూడదని ఆయన ఆ రోజు నుంచీ ఆలోచించాడు. నౌకాదళంలో ఉన్నప్పుడు ఒక టార్పెడోలోంచి గాలి తన్నుకొచ్చి, మీదున్న కాన్వాసు గుడ్డ ఒక్కసారిగా పైకి లేవడం ఆయన చూసి ఉన్నాడు. అదే కిటుకుతో బొమ్మలు గీసి, 1953 ఆగస్టులో పేటెంటు తెచ్చుకున్నాడు. జర్మనీలో వాల్టర్ లిండరర్ అనే ఇంజనీరు కూడా దాదాపు ఇదే ఆలోచనకు 1951లోనే దరఖాస్తు పెట్టాడు. కార్ల కంపెనీలేవీ హెట్రిక్ ఆలోచనను అందుకోలేదు. పదిహేడేళ్ల గడువు తీరి, పైసా రాకుండానే ఆ పేటెంటు ముగిసిపోయింది.

నిజానికి ఆ బొమ్మలో పెద్ద చిక్కొకటి ఉంది. సిలిండరులో కుదించిన గాలి బ్యాగ్‌లోకి చేరేసరికే మనిషి తల స్టీరింగుకు కొట్టుకుంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దితే, గుద్దుకున్న క్షణం నుంచి సుమారు 50 మిల్లీసెకన్లలో బ్యాగ్ నిండిపోవాలి. రెప్ప వాల్చి ఎత్తడానికి దానికి కనీసం రెట్టింపు కాలం కావాలి.

దారి చూపించింది మందుగుండు తెలిసినవాళ్లు. సైన్యానికి ఫ్యూజులు చేసిన అలెన్ బ్రీడ్ 1960ల చివర్లో, కారు గుద్దుకున్న సంగతి కనిపెట్టే చౌకైన సెన్సరు తయారుచేశాడు. ఒక గొట్టం, అందులో అయస్కాంతం పట్టి ఉంచిన గోళీ, అంతే. మామూలు బ్రేకుకు గోళీ కదలదు. కారు గట్టిగా గుద్దుకుంటే అయస్కాంతాన్ని విడిపించుకుని ముందుకు దూకి కరెంటు కలుపుతుంది. ఆ కరెంటుకు సోడియం అజైడ్ బిళ్లలు అంటుకుని క్షణంలో నైట్రోజన్ వాయువుగా మారి బ్యాగ్‌ను నింపుతాయి. ఇప్పటి కార్లలో గోళీకి బదులు చిప్పులు, అజైడ్‌కు బదులు వేరే రసాయనాలు వచ్చాయి. పద్ధతి మాత్రం మారలేదు.

తెరుచుకున్న బ్యాగ్‌ను తిరగేసి చూడండి, వెనక వైపు రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద రంధ్రాలు ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చేవి అవే. తల ఆనేసరికి బ్యాగ్ ఉబ్బడం ఆగి, వాటిలోంచి గాలి వదులుతూ ఉండాలి. అలా మెత్తబడుతూనే అది తలను ఆపుతుంది. ఇంకా ఉబ్బుతున్న బ్యాగ్ ఎదురొచ్చి కొడితే అది దెబ్బే. ఇక సీట్ల మీద పడే తెల్లటి పొడి చూసి మంటలు లేచాయని కంగారుపడతారు గానీ, బ్యాగ్ మడతలు అంటుకోకుండా చల్లిన టాల్కు పౌడరో, మొక్కజొన్న పిండో అది.

ఇప్పుడు చట్టం సంగతి. 1970ల్లో అమెరికన్లు బెల్టు పెట్టుకునేవాళ్లు కాదు. బెల్టు పెడితే తప్ప ఇంజను స్టార్టు కాని ఏర్పాటును 1974 మోడళ్లలో తప్పనిసరి చేస్తే జనం మండిపడ్డారు. అదే ఏడాది కాంగ్రెస్ దాన్ని ఎత్తేసింది. బెల్టు పెట్టని మనిషిని బ్యాగ్ ఒక్కటే కాపాడాలన్న లెక్క అలా బలపడింది. పరీక్షలో బెల్టు లేని సగటు మగవాడి కొలతల బొమ్మను కూర్చోబెట్టి, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దించేవారు. అంత బరువును బ్యాగ్ ఒక్కటే ఆపాలంటే చాలా బలంగా తన్నుకురావాలి. 1980ల మొదట్లో జర్మనీ మెర్సిడెస్ వాళ్లు మాత్రం బ్యాగ్‌తో పాటు బెల్టును బిగించే యంత్రాన్నీ జతచేసి అమ్మారు. బ్యాగ్‌ను బెల్టుకు తోడుగానే చూశారు. వాళ్లదే సరైన దారని నా నమ్మకం.

1990ల్లో అమెరికా రోడ్ల మీద బ్యాగులు పెరిగేకొద్దీ, చిన్నపాటి ప్రమాదాల్లోనే ముందు సీట్లో పిల్లలు, స్టీరింగుకు దగ్గరగా కూర్చునే పొట్టి ఆడవాళ్లు బ్యాగ్ దెబ్బకే చనిపోవడం మొదలైంది. 1990 నుంచి 2008 దాకా అలాంటి మరణాలు 290కి పైనే అని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క. వాళ్లలో నూటికి 80 మందికి పైగా బెల్టు పెట్టుకోనివాళ్లో, సరిగ్గా పెట్టుకోనివాళ్లో. 1997లో నిబంధన సడలించి బ్యాగుల బలం తగ్గించనిచ్చారు, పిల్లల్ని వెనక సీటుకు మార్చమని ఊరూరా చెప్పారు. ఆ తరవాతే మరణాలు తగ్గాయి. అదే దేశంలో ముందు బ్యాగులు 2017 దాకా 50,000 మందికి పైగా ప్రాణం నిలిపాయన్నదీ ఆ సంస్థ లెక్కే. అందుకే బ్యాగ్‌ను నేను తక్కువ చెయ్యను.

మన దేశంలో డ్రైవరు బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటుది 2021 నుంచి తప్పనిసరి అయ్యాయి. బెల్టు పెట్టకపోతే కూతపెట్టే అలారం కూడా 2019 నిబంధనతోనే వచ్చింది. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులోనే, వెనక సీట్లో బెల్టు లేకుండా చనిపోయాక కొన్నాళ్లు అందరూ బెల్టు గురించే మాట్లాడారు. అప్పటికే ఆ కూత నోరు నొక్కే ఇనుప నాలుకలు, బకిల్‌లో గుచ్చే ఉత్తుత్తి క్లిప్పులు, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటి అమ్మకం ఆపమని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటికీ షెడ్డుకొచ్చే కార్లలో అవి కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించినప్పుడల్లా ఫొటో తీసి, ఏ సీటు బకిల్‌లో ఉందో రాసి రిపోర్టుకు జతచేస్తున్నాను.