ఫీజు లేని పదంతస్తుల బడి

పీటర్ స్టైవెసెంట్‌కు ఒక కాలు కొయ్యది. 1644లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ దీవిపై దాడికి వెళ్లినప్పుడు ఫిరంగి గుండు తగిలి ఆయన కుడికాలు పోయింది. ఆ కొయ్యకాలుతోనే అమెరికాలోని డచ్చి వలసను ఏళ్ల తరబడి ఏలారు. 1664లో ఇంగ్లీషు నౌకలు వచ్చి రేవులో నిలిచాక ఊరిని అప్పగించిన డచ్చి గవర్నరూ ఆయనే. ఆనాటి న్యూ ఆమ్‌స్టర్‌డామే న్యూయార్క్ అయింది. ఆయన పేరు పెట్టుకున్న ప్రభుత్వ హైస్కూలు ఒకటి ఆ నగరంలో ఉంది. దాని ఫుట్‌బాల్ జట్టు పేరు ‘పెగ్‌లెగ్స్’, అంటే కొయ్యకాళ్లవాళ్లు.

ఇప్పుడు ప్రపంచమంతా గణితానికీ విజ్ఞానశాస్త్రాలకూ చెప్పుకునే ఈ బడి చేతిపనుల కోసం పుట్టింది. 1904లో మగపిల్లలకు వృత్తివిద్య నేర్పడానికి 155 మంది విద్యార్థులు, 12 మంది ఉపాధ్యాయులతో దీన్ని తెరిచారు. మూడేళ్లకు మన్‌హాటన్ తూర్పు 15వ వీధిలో సొంత భవనం లేచింది. ఇరుకు వీధుల మధ్య కూడా తరగతి గదులకు గాలీ వెలుతురూ అందేలా బడులు కట్టడంలో పేరుపొందిన సి.బి.జె. స్నైడర్ దాన్ని రూపొందించారు. పిల్లలు పెరిగి బడిని రెండు పూటలుగా నడపాల్సి వచ్చింది. అందరినీ చేర్చుకోవడం కుదరక 1934లో ప్రవేశపరీక్ష పెట్టారు. చోటు చాలక వచ్చిన ఆ పరీక్షే తర్వాత బడికి గుర్తింపు అయింది.

పరీక్ష నెగ్గి లోపలికి వచ్చినవాళ్లలో వలస కుటుంబాల పిల్లలు ఎక్కువ. పోలండ్‌లో నాజీల చేతుల్లోంచి బతికి బయటపడి, పదకొండేళ్ల వయసులో 1949లో అమెరికా చేరిన రోల్డ్ హాఫ్‌మన్ 1955లో ఇక్కడ చదువు ముగించారు. 1981లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆయన కాక మరో ముగ్గురు పూర్వ విద్యార్థులకు నోబెల్ వచ్చింది: జాషువా లెడర్‌బర్గ్, రాబర్ట్ ఫోగెల్, రిచర్డ్ ఏక్సెల్. 1966లో గణితంలో ఫీల్డ్స్ పతకం పొందిన పాల్ కోహెన్‌దీ ఈ బడే. ఏక్సెల్ బడి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవారు. ఒక ఆటలో ఎదురు జట్టు నుంచి తాడిచెట్టంత కుర్రాడు వచ్చి, ఇప్పుడేం చేస్తావు ఐన్‌స్టీన్ అని ఎగతాళి చేసి, ఒక్కడే 54 పాయింట్లు కొట్టేశాడని ఆయన తన నోబెల్ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ కుర్రాడే తర్వాతి కాలపు బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీమ్ అబ్దుల్ జబ్బార్.

ఇంత చరిత్రలోనూ 1969 దాకా ఆడపిల్లలకు చోటు లేదు.

బ్రూక్లిన్‌లో చదువుతున్న ఆలిస్ డి రివెరా అనే పదమూడేళ్ల అమ్మాయి గణితంలో దిట్ట. ప్రవేశపరీక్ష రాయనివ్వకపోవడంతో ఆ ఏడాది కోర్టుకెక్కింది. కేసు పూర్తిగా తేలకముందే నగర విద్యామండలి దిగివచ్చి, సెప్టెంబరు నుంచి అమ్మాయిలకు తలుపులు తెరిచింది. ఈలోగా కుటుంబం నగరం వదిలి వెళ్లిపోవడంతో ఆలిస్‌కు మాత్రం అక్కడ చదివే అవకాశం రాలేదు. ఆమె పెద్దయి డాక్టరయ్యారు. 2013లో బడివారు స్నాతకోత్సవానికి పిలిచి గౌరవ పట్టా ఇచ్చారు.

1992లో బడి చిరునామా మారింది. హడ్సన్ నది పక్కన, చాంబర్స్ వీధి కొసన, దాదాపు 15 కోట్ల డాలర్లతో పదంతస్తుల భవనం కట్టి ఈ పిల్లలకు ఇచ్చారు. రోజుకు మూడు వేలమందికి పైగా పైకీ కిందికీ తిరిగే చోట మెట్లు చాలవు కనుక ఎస్కలేటర్లు పెట్టారు. వాహనాలు దూసుకుపోయే వెస్ట్ స్ట్రీట్‌ను దాటడానికి ట్రైబెకా వంతెన కట్టారు. పిల్లలు దాని మీదుగా నేరుగా రెండో అంతస్తులోకి నడిచి వెళతారు. లోపల నాటకశాల, ప్రయోగశాలలు, ఈతకొలను ఉన్నాయి. పై తరగతులవాళ్లు కొత్తగా చేరినవాళ్లతో ఈతకొలను పదకొండో అంతస్తులో ఉందని చెప్పి టికెట్లు అమ్మజూడటం ఇక్కడి పాత అల్లరి. ఫీజు లేని ఒక సర్కారు బడికి నగరం ఇంత ఖర్చు పెట్టిందంటే, ఆ బడిలో చదివే పిల్లలకు అది ఇచ్చిన విలువ ఎంతో తెలుస్తుంది. ఆ లెక్కలో డాలర్ల కన్నా ఈ విలువే పెద్దది.

భవనం గోడల్లో 400 గాజు దిమ్మెలు పొదిగారు. క్రిస్టిన్ జోన్స్, ఆండ్రూ గింజెల్ అనే కళాకారుల పని అది. ఒక దిమ్మెలో నైలు నీరు, ఒక దిమ్మెలో గంగ నీరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి చొక్కా గుండీ ఉంది, కూల్చకుండా వదిలి వచ్చిన 15వ వీధి భవనపు ముక్కలు ఉన్నాయి, ఎప్పటిదో ఒక విద్యార్థి మార్కుల కార్డూ ఉంది. వాటిలో కొన్నింటిని కావాలనే ఖాళీగా ఉంచారు. చదువు ముగించి వెళ్లే ప్రతి ఏటి విద్యార్థులూ తమకు నచ్చింది పెట్టి ఒక్కో దిమ్మెను నింపుతారు. 2080 దాకా సరిపడా ఖాళీలున్నాయి. అంటే ఆఖరి దిమ్మె నింపాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు.

అమెరికా హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. ఇంగ్లీషు, చరిత్ర, గణితం, జీవశాస్త్రం, రసాయనం, భౌతికం ఇక్కడా ఉన్నవే. కాలేజీ స్థాయి కోర్సుల జాబితా మాత్రం పెద్దది. కంప్యూటర్ సైన్సు ఐచ్ఛికం కాదు, అందరూ చదవాల్సిందే. సాంకేతిక చిత్రలేఖనం కూడా తప్పనిసరి పాఠంగా కొనసాగింది. 1904 నాటి చేతిపనుల బడి ఆనవాలు ఆ పాఠంలో ఉంది. సంగీతం, చిత్రకళ పాఠాలు వినాలి. ఈత రాదంటే నేర్చుకుని తీరాలి. లెక్కల్లో చురుకైనవాడికి ఈత ఎందుకని ఇక్కడ ఎవరూ అడగరు.

సాహిత్యం పాఠాలకూ ఈ బడిలో ఘనమైన గతం ఉంది. పేదరికంలో గడిచిన తన ఐర్లండ్ బాల్యాన్ని ‘ఏంజెలాస్ ఏషెస్’గా రాసి 1997లో పులిట్జర్ పొందిన ఫ్రాంక్ మెకోర్ట్ అంతకుముందు చాలా ఏళ్లు ఇక్కడ ఇంగ్లీషు మాస్టారు. వంటల పుస్తకాలు తెప్పించి, వంటకం తయారీ విధానాన్ని వాద్యాలతో పాడుతూ చదివించేవారట. ఏ పేజీలోనైనా భాష బతికి ఉంటుందని పిల్లలకు తెలియజెప్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

బడి గంట మోగాక ఇంకో బడి మొదలవుతుంది. ‘ది స్పెక్టేటర్’ అనే విద్యార్థి పత్రిక 1915 నుంచి వస్తోంది. చర్చా పోటీలు, గణిత బృందం, రోబోలు కట్టే జట్టు, లెక్కకు మిక్కిలి క్లబ్బులు. వీటన్నిటిలో బడిని ఊపేసేది ‘సింగ్!’. 1947లో బ్రూక్లిన్‌లోని మిడ్‌వుడ్ హైస్కూల్లో బెల్లా టిల్లిస్ అనే సంగీతం టీచరు మొదలుపెట్టిన పోటీ ఇది. 1970లలో స్టైవెసెంట్‌కు వచ్చింది. ఆఖరి ఏడువాళ్లు ఒక జట్టు, మూడో ఏడువాళ్లు ఒకటి, చిన్న తరగతులు రెండూ కలిసి ఒకటి. కథ, పాటలు, నాట్యం, దుస్తులు, రంగాలంకరణ, దీపాలు అన్నీ పిల్లలవే. వందల మంది ఒకే నాటకానికి పని పంచుకోవడం ఏ పరీక్షా నేర్పని విద్య.

ఆ విద్య అవసరం 2001లో తెలిసింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు బడి అర మైలు దూరమైనా లేదు. సెప్టెంబరు 11 ఉదయం దాని మీద జరిగిన ఉగ్రదాడిని తరగతి కిటికీల్లోంచి పిల్లలు చూశారు. దుమ్ము మేఘం వెంటాడుతుండగా ఉత్తరం దిక్కుకు నడిచి బయటపడ్డారు. బడి భవనం సహాయక సిబ్బందికి స్థావరమైంది. పిల్లలు కొన్ని వారాలు బ్రూక్లిన్ టెక్ హైస్కూల్లో మధ్యాహ్నం పూట చదువుకుని, అక్టోబరు 9న తిరిగి వచ్చారు. ఆ నవంబరులో వాళ్లు తెచ్చిన ‘స్పెక్టేటర్’ ప్రత్యేక సంచికను న్యూయార్క్ టైమ్స్ తన పత్రికతో పాటు పంచింది. ఇంగ్లీషు టీచరు ఆనీ థామ్స్ మార్గదర్శనంలో నాటక విద్యార్థులు తోటి పిల్లలనూ, టీచర్లనూ, బడి సిబ్బందినీ కలిసి మాటలు రికార్డు చేశారు. తడబాట్లు, మధ్యలో తెగిన వాక్యాలతో సహా ఉన్నదున్నట్టు రాసుకుని, 2002 ఫిబ్రవరిలో బడి వేదిక మీద ప్రదర్శించారు. ‘విత్ దెయిర్ ఐస్’ పేరుతో అది పుస్తకంగానూ వచ్చింది. ఆ రోజు గురించి పెద్దలు రాసిన పుస్తకాల పక్కన దీన్ని ఉంచాలి.

ఇక తలుపు సంగతి. ఎనిమిదో తరగతి పిల్లలు ఇంగ్లీషులో, గణితంలో మూడు గంటల పరీక్ష ఒకటి రాస్తారు. ఆ మార్కులే ఆధారం. 1971లో రాష్ట్రం చేసిన హెక్ట్-కలాండ్రా చట్టం ఆ నియమాన్ని కాపాడుతోంది. ఎంసెట్ కోచింగు చూసిన తెలుగు తల్లిదండ్రులకు తర్వాత జరిగింది విడమరచి చెప్పనక్కర్లేదు. నేడు విద్యార్థుల్లో ఆసియా కుటుంబాల పిల్లలదే ఆధిక్యం. వాళ్లలో చాలామంది పేదలు, తల్లిదండ్రుల రెక్కల కష్టం మీద చదువుకుని వచ్చినవాళ్లు. వాళ్ల గెలుపును తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. మరోవైపు 1975లో 12 శాతం దాకా ఉన్న నల్లజాతి పిల్లలు క్రమేణా దాదాపు కనుమరుగయ్యారు. 2019లో సీటు వచ్చిన 895 మందిలో వాళ్లు ఏడుగురు. పరీక్షను తీసేయాలని అప్పటి మేయర్ బిల్ డి బ్లాసియో చేసిన ప్రతిపాదన రాష్ట్ర శాసనసభలో ముందుకు సాగలేదు.

ఈ చిక్కుకు జవాబు వెతికిన మనిషి ఈ బడిలోనే చదివాడు. హార్లెమ్‌కు చెందిన నల్లజాతి యువకుడు బాబ్ మోజెస్ 1952లో ఇక్కడి నుంచి బయటికి వచ్చారు. మిసిసిపీలో నల్లవారి ఓటుహక్కు కోసం దెబ్బలు తిన్నారు. 1980లలో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ స్థాపించి, పేద పిల్లలకు ఎనిమిదో తరగతికల్లా బీజగణితం పట్టుబడేలా నేర్పడమే పనిగా పెట్టుకున్నారు. 2021లో కన్నుమూసేదాకా గణితం కూడా పౌరహక్కేనని వాదించారు. పరీక్ష ఉండాలా వద్దా అని న్యూయార్క్ ఏళ్లుగా వాదులాడుకుంటోంది. ఆ పరీక్షకు ముందున్న ఎనిమిదేళ్లలో, పేదల వాడల్లోని బడులకు ఈ పదంతస్తుల బడికి పెట్టినంత శ్రద్ధ పెట్టి ఉంటే ఆ 895 పేర్ల జాబితా వేరేగా ఉండేది. మోజెస్ చెప్పింది అదే, చేసి చూపిందీ అదే.