ఇరుసుకు ముందా, వెనకా? పికప్ ఎక్కిన ఇంటి కథ

రోడ్ ట్రిప్పుల ఎపిసోడ్‌లో ట్రక్ క్యాంపర్ దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోయింది. ఆ చెక్కగది ట్రక్కు మీద ఎలా నిలుస్తుంది, ఎవరు మొదలుపెట్టారు అని చాలామంది అడిగారు. మనవాళ్లు ఆ పని నాకు అప్పజెప్పారు. నేను చరిత్రలు చదివినవాణ్ణి కాదు. వైజాగ్‌లో ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్ చేసి, గల్ఫ్‌లో పదేళ్లు ఉండి, ఇప్పుడు టెక్సస్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. బరువులు ఎత్తించడం, దించడం నా రోజువారీ పని. అందుకే ఈ చరిత్రని కూడా బరువు వైపు నుంచే చెబుతాను.

ముందు ఒక మాట. ట్రైలర్ అంటే వెనక తగిలించి లాగేది, దానికి సొంత చక్రాలు ఉంటాయి. క్యాంపర్‌కి చక్రాలు ఉండవు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఉన్న గది మొత్తం పికప్ బెడ్‌లో కూర్చుంటుంది. దాని బరువంతా ట్రక్కే మోయాలి.

పికప్ మొదట్లో రైతు బండే. ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టీకి వెనక తొట్టి కట్టి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు జనం వేరేచోట తొట్టి కట్టించుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చేతిలో కాస్త డబ్బు ఆడింది, రోడ్లు పెరిగాయి. 1942లో సైన్యం వేసిన అలాస్కా హైవేని 1948లో మామూలు జనానికి తెరిచారు. వేటకీ చేపలకీ వెళ్లేవాళ్లు ప్లైవుడ్, అల్యూమినియం రేకులతో తమ షెడ్డులోనే గదులు కట్టుకుని ట్రక్కు మీద పెట్టుకున్నారు. 1950లలో ఆర్. డి. హాల్ అనే ఆయన అలాస్కన్ క్యాంపర్ తయారుచేశాడు. దారిలో దాని పైకప్పు కిందికి దిగి ఉంటుంది, ఆగాక హైడ్రాలిక్స్‌తో పైకి లేస్తుంది. ఎత్తు తగ్గితే గాలి తోపు తగ్గుతుంది, మలుపులో ఊగడం తగ్గుతుంది. సైట్‌లో స్కాఫోల్డింగ్ కట్టించేవాడికి ఈ తెలివి వెంటనే నచ్చుతుంది.

ఇక అందరికీ తెలిసిన బండి సంగతి. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో జీఎంసీ పికప్ మీద క్యాంపర్ పెట్టించుకుని, చార్లీ అనే కుక్కని తీసుకుని దేశం చుట్టాడు. బండికి డాన్ కిహోటే గుర్రం పేరు, రోసినాంటే, పెట్టాడు. 1962లో వచ్చిన 'ట్రావెల్స్ విత్ చార్లీ' చదివి ఎంతమంది క్యాంపర్లు కొన్నారో! ఆ పుస్తకంలో నేను రెండుసార్లు చదివినవి వేరే పేజీలు. ఒకచోట, అవసరానికి నాలుగింతలు సామాను మోశానని ఆయనే ఒప్పుకుంటాడు. పుస్తకాలే 150 పౌండ్లట. ఇంకోచోట, ఒరెగాన్‌లో ఆదివారం పూట, వర్షంలో, వెనక టైరు పేలింది. రెండో వెనక టైరు కూడా ఉబ్బి ఉంది. ఆ ఊరి గ్యారేజీ మనిషి పుణ్యమా అని ఎక్కడినుంచో టైర్లు దొరికాయి. పేలింది వెనక టైరే అన్నది గమనించండి. క్యాంపర్ బరువు ముందు తెలిసేది అక్కడే.

మన ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది కొత్త కాదు. ధాన్యం బస్తాలు ఇరుసుకి ముందు మరీ ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నొక్కేస్తుంది. వెనక ఎక్కువైతే బండి వెనక్కి మొగ్గి, కాడి పైకి లేచి, మెడకింద తాడు గొంతుకి పట్టేస్తుంది. అందుకే మా తాత ఇరుసు మీద సరిగ్గా సర్ది, ఒక్క బస్తా ముందుకి జరిపేవాడు. పికప్‌కి ఎద్దుల చోట ముందు చక్రాలు ఉన్నాయి. స్టీరింగ్ అక్కడే, బ్రేకు పని ఎక్కువ భాగం అక్కడే. ముందు చక్రాలు తేలిపోతే బండి మన మాట వినదు.

లెక్క చూడండి. క్యాంపర్ 2,500 పౌండ్లు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 12 అడుగులు అనుకుందాం. క్యాంపర్ బరువు కేంద్రం వెనక ఇరుసుకి ఒక్క అడుగు వెనక పడితే, ముందు ఇరుసు మీద సుమారు 208 పౌండ్లు తగ్గుతాయి. వెనక ఇరుసు మీద 2,708 పెరుగుతాయి. అంటే క్యాంపర్ అసలు బరువుకంటే ఎక్కువ బరువు వెనక టైర్ల మీద పడుతుంది. క్రేన్ బూమ్ చాపితే ఏమవుతుందో ఇదీ అదే.

కంపెనీలకి ఈ సంగతి అర్థమవడం 1960లలో వచ్చిన 'క్యాంపర్ స్పెషల్' ట్రక్కుల్లో కనిపిస్తుంది. బలమైన కమాన్లు, పెద్ద టైర్లు ఇచ్చారు. షెవర్లే 1968లో లాంగ్‌హార్న్ తెచ్చింది. బెడ్ ఆరంగుళాలు పొడుగు, ఇరుసుల మధ్య 133 అంగుళాలు. 1973లో ఫోర్డ్ సూపర్ క్యాంపర్ స్పెషల్‌లో వెనక ఇరుసునే ఇంకా వెనక్కి జరిపి, ఆ దూరాన్ని 140 అంగుళాలు చేశారు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అసలైన ఇంజనీరింగ్ అదే. బస్తాని ముందుకి జరపలేకపోతే ఇరుసునే వెనక్కి తోశారు.

అదే 1973 జనవరి 1 నుంచి ప్రభుత్వం కూడా కలగజేసుకుంది. ట్రక్-క్యాంపర్ లోడింగ్ మీద ఫెడరల్ భద్రతా ప్రమాణం వచ్చింది, నంబరు 126. (ఇప్పుడు ఆ నంబరు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ది. క్యాంపర్ రూలు 575.103 సెక్షన్‌లో ఉంది.) దాని ప్రకారం క్యాంపర్ చేసినవాడు లేబుల్ మీద గరిష్ఠ బరువు రాయాలి. ఎన్ని గాలన్ల నీళ్లు, ఎన్ని పౌండ్ల గ్యాస్, ఎంత ఫ్రిజ్ కలిపితే ఆ బరువో కూడా రాయాలి. ట్రక్కు చేసినవాడు ఎంత సరుకు మోస్తుందో, బరువు కేంద్రం బెడ్‌లో ఎక్కడినుంచి ఎక్కడివరకు పడొచ్చో చెప్పాలి. అప్పటిదాకా సేల్స్‌మన్ "ఏం పర్లేదు, లాగేస్తుంది" అంటే నమ్మాల్సిందే. ఆ రోజు నుంచి అంకె కాగితం మీదకి ఎక్కింది.

ఆ అంకె చదవడంలో ఒక మెలిక ఉంది. క్యాంపర్ రూలులో ట్రక్కు 'కార్గో రేటింగ్' అంటే సీటుకి 150 పౌండ్ల చొప్పున మనుషుల్ని ముందే తీసేసిన అంకె. ఈ మధ్యకాలపు ట్రక్కుల్లో డ్రైవర్ డోరు పక్కన ఉండే టైరు స్టిక్కర్ మీది అంకె అలా కాదు. అందులో మనుషులూ సామానూ కలిసే ఉంటాయి. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే అయిదారు వందల పౌండ్లు తేడా వచ్చేస్తుంది.

ఇదంతా ఎందుకంటే, మా ఊరివైపు తమ్ముడొకడు ఈ వేసవిలో పెళ్లాం పిల్లలతో యెల్లోస్టోన్ వెళ్దామని పాత క్యాంపర్ బేరం చేస్తున్నాడు. "అన్నా, నాది వీ8 ఇంజను, ఎందుకు మోయదు?" అంటాడు. ఇంజను లాగుతుందిరా, మోసేది ఇంజను కాదు అన్నాను. అతనిది హాఫ్ టన్ ట్రక్కు, డోరు స్టిక్కర్ మీద 1,600 పౌండ్లు ఉంది. క్యాంపర్ లేబుల్ 2,100 చూపిస్తోంది. నలుగురు మనుషులు, బియ్యం, కుక్కర్, బట్టలు ఇంకా ఎక్కనే లేదు. వెనక ఎయిర్‌బ్యాగులు వేయిస్తానన్నాడు. మన లారీలకి కమాన్ పట్టీలు అదనంగా వేయించినట్టే అది. బండి వెనక కుంగడం ఆగుతుంది, ఇరుసూ టైర్లూ బ్రేకులూ మాత్రం పాతవే. స్టిక్కర్ మీద అంకె మారదు.

సరిపోయే ట్రక్కు దొరికితే ఎక్కించడం కష్టం కాదు, కానీ తొందర పనికిరాదు. నేల చదునుగా ఉండాలి. బెడ్‌లో జారే ప్లాస్టిక్ లైనర్ తీసేసి రబ్బరు మ్యాట్ వేయాలి. నాలుగు మూలల జాకీల మీద లేపిన క్యాంపర్ కిందికి ట్రక్కుని రివర్స్‌లో అంగుళం అంగుళం పోనివ్వాలి, పక్కన సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. జాకీల మీద ఉన్న క్యాంపర్ కిందికి ఎవరూ దూరకూడదు. సైట్‌లో వేలాడే లోడు కింద నిలబడనివ్వం కదా, ఇదీ అంతే. దించాక నాలుగు మూలలా టర్న్‌బకిళ్లతో బిగించాలి, ముందువి ముందుకీ వెనకవి వెనక్కీ లాగేలా. కొక్కేలు ట్రక్కు ఫ్రేముకి పట్టినవైతే మేలు. బెడ్ రేకు పలచన, లాగితే చిరుగుతుంది. కొన్ని మైళ్లు పోయాక ఆగి మళ్లీ బిగించాలి, ఎందుకంటే మ్యాట్ నొక్కుకుని పట్టు వదులవుతుంది.

లేబుల్ చిరిగిపోయిన పాత క్యాంపర్ అయితే ట్రక్‌స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఉంది. ఒక్కో ఇరుసు బరువు విడివిడిగా చీటీ మీద ఇస్తుంది. ఖాళీ ట్రక్కుతో ఒకసారి, క్యాంపర్ ఎక్కించి నీళ్లు నింపి ఇంకోసారి తూకం వేయించండి. మధ్యలో డీజిల్, మనుషులు మారకూడదు. రెండో చీటీలో ముందు ఇరుసు అంకె తగ్గిందా, బరువు కేంద్రం వెనక ఇరుసుకి వెనక పడిందన్నమాట. అలా ఉంటే రోడ్డెక్కకండి. మా తమ్ముడు క్యాంపర్ ఇంకా కొనలేదు. వచ్చే శనివారం పిల్లల్ని కూడా ఎక్కించుకుని ట్రక్కుని తూకానికి తీసుకెళ్తున్నాం.