చెవిలో ఇమిడిన వాద్యము

కచేరికి ముందు మృదంగ విద్వాంసుడు వాద్యపు ఎడమ మూతపై రవ్వ ముద్దను అద్దుట సంగీతసభలకు పోవు వారందరు చూచియే యుందురు. నాదము చాలనంత గంభీరముగా లేనిచో మరికొంత ముద్దను చేర్చును. మరీ మొద్దుబారినచో కొంత గిల్లి తీసివేయును. కుడి మూతపై నుండు నల్లని పూత శాశ్వతమైనది. ఆ పూత వలననే చర్మపు మూత చేయు ఉపస్వరములు శ్రుతిబద్ధములగుచున్నవని 1920లో చంద్రశేఖర వేంకట రామన్, శివకాళీ కుమార్ అను శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో వెల్లడించిరి. ఖరీదైన పనిముట్టు ఏదియు లేకుండ, ఒక చిటికెడు పదార్థముతో నాదమును దిద్దవచ్చునని మన వాద్యకారులు అంతకుముందే అనుభవమున ఎరుగుదురు.

నేడు బస్సులో, రైలులో, వీధిలో కోట్లాది జనులు చెవిలో పెట్టుకొను చిన్న ఇయర్‌ఫోను సైతము అట్టి వాద్యమే. కొన్ని వందల రూపాయలకు లభించు ఇయర్‌ఫోను ధ్వనిని చిన్న స్పాంజి ముక్కతో, అంగుళములో నాల్గవ వంతు కాగితపు టేపుతో, సూదిమొన అంత రంధ్రముతో మార్చవచ్చును. ఇది గారడి కాదు. దీని వెనుక నూటయేబది సంవత్సరములకు పైబడిన శాస్త్రచరిత్ర కలదు.

కాగితపు గొట్టము చెప్పిన సంగతి

ఈ కథ ఇయర్‌ఫోనుతో గాక చెవితో ప్రారంభమగును. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన స్వరజ్ఞాన గ్రంథములో, సెకనుకు సుమారు 2,640 మొదలు 3,168 కంపనములు గల స్వరములు మన చెవికి ప్రత్యేకముగా పదునుగా వినిపించునని వ్రాసెను. దానికి కారణము చెవి రంధ్రము తానే ఒక గొట్టము వలె ఆ స్వరములకు అనునాదము చేయుట. చెవి ద్వారమున చిన్న కాగితపు గొట్టమును చేర్చి ఆ రంధ్రమును పొడిగించినచో ఆ పదును తగ్గిపోవును. చెవిలోని గాలి పొడవును మార్చినంత మాత్రమున వినికిడి మారునని దీనివలన తేలినది.

లెక్క సులభమే. వయోజనుని కర్ణనాళము సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండును. దాని ఒక కొన తెరచియుండును. రెండవ కొనను కర్ణభేరి మూసియుండును. అట్టి గొట్టము తన పొడవునకు నాలుగు రెట్లు తరంగదైర్ఘ్యము గల ధ్వనికి అనునదించును. ధ్వనివేగము సెకనుకు 343 మీటర్లనుకొన్నచో ఆ పౌనఃపున్యము సుమారు 3,400 హెర్ట్జులు వచ్చును. కర్ణభేరి గోడవలె గట్టిది కాదు, వెలుపలి డొప్ప ప్రభావము కూడ కలదు. అందువలన అసలు శిఖరము 3,000 హెర్ట్జులకు దగ్గరగా నుండును. 1946లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వీనర్, రాస్ అనువారు సన్నని గొట్టములను మనుష్యుల కర్ణనాళములలోనికి చొప్పించి ఒత్తిడిని కొలిచిరి. నాళద్వారమున కంటె కర్ణభేరి వద్ద ఆ ప్రాంతపు ధ్వని సుమారు 10 డెసిబెల్లు, అనగా తీవ్రతలో పది రెట్లు, హెచ్చుగా నున్నట్లు తేలినది.

ప్రకృతి మనకిచ్చిన ఈ శిఖరమును పుట్టినది మొదలు వినుచుండుటచే అది ఉన్నదనియే మనకు తోచదు. అది పోయినప్పుడే లోటు తెలియును.

టెలిఫోను చెవిలోనికి దిగుట

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనును పనిచేయించెను. అప్పటి శ్రవణయంత్రము బరువైనది. చేతితో చెవికి ఆనించి పట్టుకొనవలసినది. 1891లో ఎర్నెస్ట్ మెర్కాడియె అను ఫ్రెంచి ఇంజనీరు చెవి రంధ్రములలో అమరు చిన్న జంట టెలిఫోనునకు పేటెంటు పొందెను. దాని కొనలకు రబ్బరు తొడుగులు కలవు. అవి చెవికి ఒరిపిడి లేకుండ చేయును. బయటి సద్దును లోనికి రానీయవు. నేడు ప్రతి ఇయర్‌ఫోనుతో వచ్చు సిలికాన్ తొడుగునకు ఇదియే ముత్తాత.

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియెల్ బాల్డ్విన్ తన వంటయింటిలో తయారుచేసిన హెడ్‌ఫోను జతలను ఆ దేశపు నౌకాదళము స్వీకరించెను. అయస్కాంతముల నడుమ సమతూకముగా నిలిపిన చిన్న ఇనుప పట్టీ కదలికను అభ్రకపు పొరకు అందించుట అతని ఏర్పాటు. అతి స్వల్ప విద్యుత్తునకు కూడ అది పలికెడిది. ఈ సమతూక పట్టీ పద్ధతియే తరువాత కుదించబడి చెవిటివారి వినికిడి యంత్రములలో ప్రవేశించినది.

ఈ యంత్రములన్నిటిలో ఒక సామాన్య దోషముండెను. ఏదో ఒక స్వరము వచ్చినప్పుడు పొర, లోపలి గాలి కలిసి ఒక్కసారిగా మ్రోగెడివి. మాట అర్థమైనను చెవికి గుచ్చుకొనెడిది.

గాలికి అడ్డుకట్ట

ఆ దోషమును దిద్దు మార్గము విద్యుచ్ఛాస్త్రమునుండి లభించినది. విద్యుత్ప్రవాహమునకు తీగ నిరోధము కలిగించినట్లే, ధ్వనివలన ముందునకు వెనుకకు ఊగు గాలికి ఇరుకు దారులు నిరోధము కలిగించును. ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో ప్రకటించిన వ్యాసమున ధ్వనిమార్గములను విద్యుద్వలయములవలె లెక్కించు భావన స్పష్టమైనది. చిన్న గది స్ప్రింగువలె, సన్నని గొట్టములోని గాలి బరువువలె, వస్త్రము లేక దూది నిరోధమువలె ప్రవర్తించునని తెలిసిన పిదప ధ్వనిని దిద్దుట ఊహాగానముగా గాక గణితముగా మారినది.

వినికిడి యంత్రములు చేయువారు దీనిని మొదట ఆచరణలో పెట్టిరి. ప్లాస్టిక్ గొట్టములో కొంచెము ఉన్ని దూర్చి పదును తగ్గించెడివారు. ఉన్ని ఒకసారి వదులుగా, ఒకసారి బిగువుగా కుదురును. రెండు చెవులకు ఒకే తీరున రాదు. 1970 దశకములో ఆ స్థానమున సన్నని జల్లెడ బిగించిన చిన్న లోహపు గొట్టములు వచ్చినవి. వాని నిరోధమును ధ్వని ఓములలో చెప్పుదురు. 680 ఓములకు తెలుపు, 1,500కు ఆకుపచ్చ, 2,200కు ఎరుపు అని రంగుల గుర్తులు కూడ ఏర్పడినవి.

స్పాంజి లేక జల్లెడ అన్ని స్వరములను సమానముగా తగ్గించునని అనుకొనరాదు. గాలి వడిగా ఊగుచోటనే దాని ఒరిపిడి ఎక్కువగా పనిచేయును. అనునాదము వచ్చినప్పుడు గొట్టములోని గాలి మిక్కిలి వడిగా ఊగును. అందుచే ఆ శిఖరమే అన్నిటికంటె ఎక్కువగా అణగిపోవును. మిగిలిన స్వరములు అంతగా నష్టపోవు. శక్తి కొంత వేడిగా మారి పోవును. గింజంత స్పాంజి ముక్క గొప్ప పని చేయుటలోని రహస్యమిదియే.

చెవిని మూసినచో పోవునది

ఇక్కడ మరియొక చిక్కు ఏర్పడినది. రబ్బరు కొనతో చెవిని మూసినంతనే కర్ణనాళము రెండు వైపుల మూసిన గొట్టమగును. అప్పుడు 3,000 హెర్ట్జుల వద్దనున్న సహజ శిఖరము మాయమగును. దానికి బదులు మిగిలిన రెండు సెంటీమీటర్ల పొడవులో సగము తరంగము ఇమిడి 8,000 హెర్ట్జుల ప్రాంతమున కొత్త శిఖరము పుట్టును. కావున అన్ని స్వరములను సమానముగా పంపు ఇయర్‌ఫోను కొలబద్దపై నిర్దోషముగా కనబడినను చెవికి మసకగా వినబడును. ఇయర్‌ఫోను సరిగా పలుకవలెనన్నచో, తాను చెవినుండి తీసివేసిన శిఖరమును తానే తిరిగి ఈయవలెను.

దీనిని కొలుచుటకు కృత్రిమ కర్ణము కావలసివచ్చినది. 1970 ప్రాంతమున సిరక్యూస్ విశ్వవిద్యాలయమున జోసెఫ్ జ్విస్లోకీ మూసిన చెవివలె ప్రవర్తించు లోహపు గదిని రూపొందించెను. 1972లో నోల్స్ సంస్థ సగటు మనుష్యుని కొలతలతో 'కెమార్' అను బొమ్మను తెచ్చినది. 1981లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 711 అను సంఖ్యతో కృత్రిమ కర్ణమునకు ప్రమాణము ప్రకటించినది.

ఈ జ్ఞానమంతయు ఒకచోట చేర్చినవాడు మీడ్ కిలియన్. అతడు చాలకాలము వినికిడి యంత్రముల పరిశోధనలో నుండి, 1983లో ఎటిమోటిక్ రిసెర్చి అను సంస్థను స్థాపించెను. ఆ పేరునకు చెవికి యథార్థమైనదని అర్థము. 1991లో ఆ సంస్థ సంగీతము వినుటకు ఇఆర్-4 అను ఇయర్‌ఫోనును విడుదల చేసినది. సమతూక పట్టీ, పొడవైన కొన, దానిలో మార్చుటకు వీలైన జల్లెడ, ఇవే దాని అంగములు. తెరచిన చెవికి సహజమైన శిఖరము దానియందు బుద్ధిపూర్వకముగా నిలుపబడినది. చెవిటివారికై పుట్టిన విద్య ఈ విధముగా సంగీతప్రియులకు అందినది. అయితే దాని ధర సామాన్యునకు అందునది కాదు.

సామాన్యుని చేతికి

2010 తరువాత చైనాలోని షెన్‌జెన్ ప్రాంతపు కర్మాగారములనుండి అతి చవుక ఇయర్‌ఫోనులు వెల్లువగా వచ్చినవి. 711 ప్రమాణమును అనుకరించు చిన్న కొలతగదులు కూడ స్వల్ప ధరకు దొరకెను. అంతవరకు ప్రయోగశాలలకే పరిమితమైన కొలత ఇంటి బల్లపైకి వచ్చినది. శ్రోతలు తమ ఇయర్‌ఫోనులను కొలిచి, దిద్ది, మరల కొలువసాగిరి.

చవుక ఇయర్‌ఫోనులో సాధారణముగా 6 మొదలు 10 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్లాస్టిక్ పొర ఒకటి, దానికంటిన తీగచుట్ట, అయస్కాంతము ఉండును. పొరకు ముందు ఒక చిన్న గది, వెనుక ఒక గది. రెంటికిని సూదిమొన వంటి గాలిరంధ్రములుండవచ్చును. ఇందు దిద్దుటకు నాలుగు చోట్లు కలవు.

మొదటిది చెవి తొడుగు. సైకిలు పంపు మూతిని వ్రేలితో గట్టిగా మూసినచో లోపల ఒత్తిడి నిలుచును. సందు మిగిలినచో గాలి జారిపోవును. తొడుగు వదులైనచో మంద్రస్వరములు అట్లే జారిపోవును. తగిన పరిమాణపు తొడుగును ఎన్నుకొనుట అన్నిటికంటె మొదటి సవరణ, ఖర్చులేనిది. రెండవది ముందరి రంధ్రము. దానిని చిన్న కాగితపు టేపుతో మూసినచో మంద్రము సాధారణముగా పెరుగును. మూడవది వెనుక రంధ్రము. దానిని మూసినచో వెనుకనున్న గాలి బిగిసి పొర కదలిక తగ్గును, మంద్రము తగ్గును. రెండు రంధ్రములు చూచుటకు ఒకటే, ఫలితములు విరుద్ధములు. నాలుగవది ధ్వని వెలువడు మూతి. అందు కొంచెము స్పాంజి నుంచినచో తారస్థాయిలోని పదును అణగును. ఎక్కువ కుక్కినచో మాటలోని స, శ వంటి అక్షరముల స్పష్టత కూడ పోవును.

పని చేయువాడు ఒకసారి ఒకే మార్పు చేయవలెను. రెండు వైపుల సమానముగా చేయవలెను. మూతిపై నుండు జల్లెడను తీసివేయరాదు. స్పాంజి ముక్క ఊడి చెవిలో పడు ప్రమాదము కలదు. రంధ్రములలో సూది గ్రుచ్చినచో పొర చినుగును.

ఏది సరియైన ధ్వని?

దిద్దుటకు గమ్యమేది? ఈ ప్రశ్నకు 2012 తరువాత హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ మొదలగువారు అనేక శ్రోతలకు వేర్వేరు ధ్వనిరూపములను వినిపించి సమాధానము వెదకిరి. 3,000 హెర్ట్జుల వద్ద శిఖరము, అడుగున కొంత మంద్రపు పెంపు గల రూపమును సుమారు మూడింట రెండువంతుల మంది మెచ్చుకొనిరి. మిగిలినవారిలో కొందరు ఇంకను ఎక్కువ మంద్రమును, కొందరు తక్కువను కోరిరి. కర్ణనాళపు పొడవు మనిషికి మనిషికి మారును. 711 గది సగటు చెవికే ప్రతినిధి, ఏ ఒక్కరి చెవికిని కాదు. కావున వాద్యములో సగము ఇయర్‌ఫోను, మిగిలిన సగము వినువాని చెవి.

ఈ విద్యకు వినోదముకంటె పెద్ద ప్రయోజనము ఒకటి కలదు. తొడుగు వదులైన ఇయర్‌ఫోనుతో బస్సులో కూర్చున్న బాలుడు మంద్రము వినబడక, ఇంజను హోరును మించుటకై ధ్వనిని పెంచుచు పోవును. వారమునకు 40 గంటలు వినువారికి 80 డెసిబెల్లు మేరయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలము సగమగును. 90 డెసిబెల్ల వద్ద వారమునకు నాలుగు గంటలే మిగులును. సరియైన తొడుగు హోరును ఆపి, మంద్రమును నిలిపి, తక్కువ ధ్వనితోనే తృప్తి కలిగించును. గుచ్చుకొను శిఖరమును స్పాంజి అణచినచో చెవికి అలసట తగ్గును. కాని వినుటకు సుఖముగా నున్నదని ధ్వనిని మరల పెంచినచో చేసిన మేలంతయు వ్యర్థము.

కచేరి ముగిసిన పిదప మృదంగముపై రవ్వ ముద్దను తీసివేయుదురు; మరునాడు కొత్తది అద్దుదురు. ఇయర్‌ఫోనునకు అంటించిన టేపును కూడ ఊడదీసి మరల ప్రయత్నించవచ్చును. అంతరకర్ణములోని రోమకణములు అట్టివి కావు; ఒకసారి నశించినచో మనుష్యునియందు అవి తిరిగి పుట్టవు. మార్చవలసినది వందల రూపాయల వస్తువును, కాపాడవలసినది వెలలేని చెవిని.