అవ్వ వేసిన రెండో ఓటు

2004 వేసవి. పోలింగ్ అయింది, లెక్కింపు కాలేదు. ఓటర్ల జాబితా, చిన్న పెట్టె పట్టుకుని పాలమూరు పల్లెల్లో సర్వేకు తిరిగాను. జాబితాలోంచి ఎంపికైన మనిషినే అడగాలి. చేనుకెళ్తే చేనుకే పోవాలి, పక్కింటివాళ్లతో సరిపెట్టకూడదు.

ఈ దారి వేసింది రజనీ కొఠారీ 1963లో ఢిల్లీలో స్థాపించిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ. 1967లో దేశమంతా ఎన్నికల అధ్యయనం చేశారు. మధ్యలో చాన్నాళ్లు ఆగి, 1996లో మళ్లీ మొదలైంది. అమెరికాలో డబ్బున్నవాళ్లే ఎక్కువగా ఓటేస్తారు; మన దగ్గర ఓటేయడంలో పేదలు, దళితులు డబ్బున్నవాళ్లకేమీ తీసిపోరని ఈ సర్వేలే చూపించాయి. నాకు అన్నిటికన్నా విలువైన సంగతి అదే.

ఎవరికేశారని నోటితో అడిగేవాళ్లం కాదు. గుర్తులున్న నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, అటు తిరిగి నిలబడేవాళ్లం. ఒక అవ్వ కొంగు చాటున గుర్తుపెట్టి, మడిచి, పెట్టెలో వేసింది.

"నా మాట గూడ రాసుకుంటరా బిడ్డా?" అంది.