తెల్లవారుజామున పుట్టిన పేరు: ఫ్లాట్ బుష్ పొరుగున హిప్-హాప్

ఆక్లండ్ మహానగరపు ఆగ్నేయ అంచున ఉన్న ఫ్లాట్ బుష్ ఇప్పుడు చూసేవారికి నిన్న మొన్న వెలసిన ఊరిలా కనిపిస్తుంది. అది చాలావరకు నిజం కూడా. చాలాకాలం పశువుల మేత పొలాలుగా ఉన్న ఈ నేలపై సుమారు 40,000 మందికి సరిపడే పట్టణం కట్టాలని అప్పటి మనుకావ్ నగరపాలక సంస్థ తలపెట్టడంతో ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి ఏళ్ల నుంచి వరుసగా ఇళ్లు లేచాయి, విశాలమైన బారీ కర్టిస్ పార్కు వచ్చింది, 2007లో తైవాన్‌కు చెందిన ఫో గువాంగ్ షాన్ సంప్రదాయపు బౌద్ధాలయం తెరుచుకుంది, భారత, చైనా మూలాల కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. పేరు మాత్రం ఈ కొత్త ఊరికన్నా పాతది. ఫ్లాట్ బుష్ రోడ్డు, ఫ్లాట్ బుష్ పాఠశాల నేటికీ ఉన్నది ఇక్కడ కాదు, పడమటి పొరుగున ఉన్న ఓటారాలో. న్యూజిలాండ్ హిప్-హాప్ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు కొన్ని ఆ ఓటారాలోనే జరిగాయి కనుక ఫ్లాట్ బుష్ పేరు వెంట వెనక్కి నడిచేవారు ఈ సంగీతం దాకా రాక తప్పదు.

హిప్-హాప్ అంటే ర్యాప్ పాట ఒక్కటే కాదు. దరువుకు తగ్గట్టు ప్రాసలు కూర్చి మాటలను పలికే ర్యాప్, గ్రామఫోన్ రికార్డునే వాద్యంగా మలచుకునే డీజే విద్య, నేలపై వీపు మీద, అరచేతుల మీద గిరగిర తిరిగే బ్రేక్‌డాన్స్, గోడలపై రంగు చిమ్మి గీసే గ్రఫీటీ, ఈ నాలుగూ కలిసిన వీధి సంస్కృతికి ఆ పేరు. దీని పుట్టుకను 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో జరిగిన ఒక వేడుకతో ముడిపెట్టడం ఆనవాయితీ. జమైకా నుంచి వలస వచ్చిన డీజే కూల్ హెర్క్, అసలు పేరు క్లైవ్ క్యాంప్‌బెల్, పాటలో గాయకుడు ఆగి దరువు ఒక్కటే మోగే కొద్ది క్షణాలకే జనం ఊగిపోతున్నారని గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన తిప్పుతూ, ఒకదానిపై ఆ భాగం ముగిసేసరికి రెండోదానిపై మళ్లీ మొదలుపెట్టి, క్షణాల దరువును నిమిషాలకు సాగదీశాడు. భారీ రహదారి కోసం ఇళ్లు కూల్చేసిన, ఫ్యాక్టరీలు తరలిపోయిన పేటలో వాద్యాలు కొనే స్తోమత లేని పిల్లలకు ఆ సాగదీసిన దరువే వేదిక అయింది.

ఓటారా వేరే దారిలో నడిచి అదే చోటికి చేరింది. 1950ల చివరి నుంచి ప్రభుత్వం ఇక్కడి పొలాల్లో కార్మిక కుటుంబాల కోసం అద్దె ఇళ్లు కట్టగా, పల్లెలు విడిచిన మావోరీలు, సమోవా, టోంగా, నియూవే, కుక్ దీవుల నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవారు వాటిలో కాపురాలు పెట్టారు. కూలీల కొరత ఉన్నన్నాళ్లు వీసా గడువు దాటిందా అని ఎవరూ అడగలేదు. చమురు ధరలు పెరిగి, ఎగుమతులు దెబ్బతిని, ఉద్యోగాలు తగ్గగానే ఆ ప్రశ్న తలుపు తట్టింది. 1974లో మొదలై 1976లో ముమ్మరమైన దాడుల్లో పోలీసులు, వలస శాఖ అధికారులు వెలుగు రాకముందే కుక్కలతో వచ్చి, నిద్రలో ఉన్నవారిని లేపి, పాస్‌పోర్టులు చూపమన్నారు. తెల్లవారుజాము దాడులనే అర్థంలో వీటికి ‘డాన్ రెయిడ్స్’ అని పేరు వచ్చింది. గడువు మీరి ఉండిపోయినవారిలో పసిఫిక్ ద్వీపవాసులు దాదాపు మూడోవంతు మాత్రమేనని, అయినా కోర్టుకెక్కిన కేసుల్లో వారి వాటా 86 శాతమని 1980ల మధ్యలో జరిగిన పరిశోధన తేల్చింది. గడువు మీరిన బ్రిటిష్, అమెరికన్ పౌరుల తలుపులు బాదడం మాత్రం అరుదే. అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ స్ఫూర్తితో 1971లో ఆక్లండ్ యువకులు స్థాపించిన పాలినేషియన్ పాంథర్స్, మంత్రుల ఇళ్ల ముందుకు తెల్లవారుజామునే వెళ్లి, లైట్లు వేసి, మైకులో పాస్‌పోర్టు చూపమని అడిగి ఆ అవమానాన్ని తిప్పికొట్టారు. నల్లజాతి అమెరికా పోరాట భాష ఇక్కడ అప్పటికే ఇంటి భాష అయింది. పదేళ్లకు హిప్-హాప్ వచ్చినప్పుడు అది పరాయిదిగా తోచకపోవడానికి అసలు కారణం ఇదే.

ముందు వచ్చింది నృత్యం. 1980ల ఆరంభంలో అమెరికన్ సమోవా బంధువుల ద్వారా, సినిమాల ద్వారా బ్రేక్‌డాన్స్ ఆక్లండ్ పేటలకు చేరింది. 1984లో పాటేయా మావోరీ క్లబ్ మావోరీ భాషలో పాడిన ‘పోయ్ ఇ’ దేశంలో మొదటి స్థానానికి ఎక్కగా, దాని వీడియోలో సంప్రదాయ నృత్యం పక్కనే బ్రేక్‌డాన్స్ కనిపించింది. 1988లో అప్పర్ హట్ పాసీ బృందం, లేచి నిలబడమనే అర్థం గల ‘ఇ తూ’తో దేశపు తొలి ర్యాప్ రికార్డును తెచ్చింది.

ఓటారా సొంత గొంతు 1994లో వినిపించింది. నియూవే తండ్రికి, మావోరీ తల్లికి పుట్టిన ఫిల్ ఫ్యూమానా, నిర్మాత అలాన్ జాన్సన్‌తో కలిసి దక్షిణ ఆక్లండ్ యువ గాయకులను ‘ప్రౌడ్’ అనే సంకలనంలోకి చేర్చాడు. అందులో సమోవా, నైజీరియా మూలాలున్న ఇద్దరమ్మాయిల జంట, సిస్టర్స్ అండర్‌గ్రౌండ్, తమ పేట బతుకును బెదురు లేకుండా పాడింది. ఫిల్ తమ్ముడు పాలీ ఫ్యూమానా బృందం పేరు ఓఎంసీ, అంటే ఓటారా మిలియనీర్ల క్లబ్. దేశంలోని అతి పేద పేటల్లో ఒకటిగా పత్రికలకెక్కిన చోటి పిల్లలు తమను లక్షాధికారులమని పిలుచుకోవడంలో ఎంత నొప్పి ఉందో అంత ఠీవి ఉంది. 1995 చివర్లో వచ్చిన ఓఎంసీ ‘హౌ బిజార్’, మావోరీ ఇళ్ల వేడుకల్లో మోగే గిటారు దరువును ర్యాప్ పలుకుబడితో కలిపి, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, కెనడాలలో మొదటి స్థానం పొందింది. 2005లో ఫిల్, 2010లో పాలీ నలభై ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూయడం ఈ చరిత్రలో తీరని నష్టం.

పేరును తిరగేసే ఈ పద్ధతి 1999లో పతాకస్థాయికి చేరింది. ఓటారాలోని మనుకావ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వ్యాపార విద్య చదువుతూ స్నేహితులైన ఆండీ మర్నేన్, బ్రదా డీగా పేరుపడ్డ డానీ లియాఓసావాయి తమ రికార్డుల సంస్థకు డాన్ రెయిడ్ ఎంటర్‌టైన్‌మెంట్ అని పేరు పెట్టారు. పెద్దలు సిగ్గుతో, భయంతో నోరెత్తని మాట బోర్డెక్కింది. దాని పెట్టుబడి పుట్టింది శనివారం ఉదయాల ఓటారా సంతలో. చేమదుంప జాతికి చెందిన తారో గుట్టలు, కొబ్బరికాయలు, పూల అచ్చుల లుంగీలు అమ్మే దుకాణాల నడుమ, పేరున్న కంపెనీల గుర్తులను ద్వీపవాసుల చమత్కారంతో మార్చి అచ్చువేసిన టీషర్టులు అమ్మి వారు డబ్బు కూడబెట్టారు. సమోవా చర్చిల్లో అక్టోబరులో జరిగే పిల్లల పండుగ పేరునే ఆ సంస్థ ర్యాపర్ మారెకో 2003లో తన ఆల్బమ్‌కు ‘వైట్ సండే’ అని పెట్టుకున్నాడు. అదే సంస్థ ర్యాపర్ శావేజ్ పాడిన ‘స్వింగ్’ 2007 నాటి హాలీవుడ్ చిత్రంలో చేరి అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది సంస్థ అప్పుల్లో కూరుకుపోయి మూతపడే స్థితికి వచ్చినా మళ్లీ లేచింది.

ఆదరణతో అనుమానమూ వచ్చింది. 2004లో హిప్-హాప్ అధ్యయన యాత్రకు ఒక ప్రభుత్వ విభాగం సుమారు 26,000 డాలర్లు ఇచ్చినందుకు రేగిన దుమారం చివరికి ఆ విభాగం రద్దుకే దారితీసింది; అంత చిన్న మొత్తానికి అంత ఆగ్రహం ఇతర కళల విషయంలో ఊహించడం కష్టం. గుజరాతీ తండ్రికి, సమోవా తల్లికి పుట్టిన గాయని ఆరాధనా 2016లో దేశ సంగీత పురస్కారాల వేదికపై హిప్-హాప్ విభాగపు బహుమతిని నిరాకరించింది. తాను పాడేది సోల్, ఆర్ అండ్ బీ శైలులైనా, గోధుమరంగు చర్మం ఉన్నందుకే ఆ గాటన కట్టారన్నది ఆమె ఆవేదన. ఎదిరించడానికి పనికొచ్చిన పేరు బంధించడానికీ పనికొస్తుందని ఆమె గుర్తుచేసింది.

2021 ఆగస్టు 1న నాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆక్లండ్ టౌన్ హాల్‌లో 1970ల నాటి తెల్లవారుజాము దాడులకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. తప్పు చేసినవారు నేతచాప కప్పుకుని కూర్చుంటే బాధితులు దాన్ని ఎత్తడం క్షమకు గుర్తు అయిన ఇఫోగా అనే సమోవా ఆచారం ప్రకారం ఆమెపై చాప కప్పి, తర్వాత తొలగించారు.

దాడులు ముమ్మరంగా సాగిన 1976లోనే ఓటారాలోని హిల్లరీ కళాశాలలో కొద్ది పాఠశాలల పిల్లలు కలిసి తమ నృత్యాలు ప్రదర్శించారు. పాలీఫెస్ట్‌గా పెరిగిన ఆ పండుగ ఇప్పుడు ఏటా మనుకావ్ స్పోర్ట్స్ బౌల్‌లో జరుగుతోంది. అక్కడ మావోరీ, సమోవా, టోంగా, నియూవే, కుక్ దీవుల వేదికలతో పాటు మరో వేదిక ఉంది. దానిపై భారతీయ మూలాల విద్యార్థులు గజ్జెకట్టి తమ వంతు కోసం నిలబడతారు.